సగం ఎత్తిన షట్టర్, గంటంబావు బేరం

ఉదయం తొమ్మిదికి బాలాజీ కాలనీలోని మా నెట్ సెంటర్ షట్టర్ సగమే ఎత్తుతాను. పూర్తిగా ఎత్తితే "అన్నా, రెండు జిరాక్సులు" అంటూ ఎవరో ఒకరు లోపలికి వచ్చేస్తారు. సగం ఎత్తితే వంగి చూసి, ఒక్క లైటే వెలగడం గమనించి, ఇంకా తెరవలేదనుకుని పక్కనున్న టీ కొట్టు వైపు వెళ్లిపోతారు. ఆ సగం షట్టర్ వెనక కూర్చునే కొన్నేళ్లుగా షేర్లలో డే ట్రేడింగ్ చేస్తున్నాను. ఏ రోజు కొన్నది ఆ రోజే అమ్మేయడం, లేదా ముందు అమ్మి తర్వాత కొనడం. మొదట్లో రోజంతా చేసేవాడిని. ఇప్పుడు తొమ్మిదిన్నర నుంచి పదిముప్పావు దాకా మాత్రమే. ఆ గంటంబావుకు ఎలా వచ్చి పడ్డానో రాద్దామని కూర్చున్నాను. పెద్ద లాభాల కథ కోసం చదివేవారికి ముందే చెబుతున్నాను, అది ఇందులో లేదు.

2020 మార్చిలో కొండపై దర్శనాలు ఆగిపోయాయి. దర్శనాలు లేని తిరుపతిని అంతకు ముందు నేనెప్పుడూ చూడలేదు. లాడ్జీలు మూతబడ్డాయి, లీలామహల్ సర్కిల్‌లో ఆవులు తీరిగ్గా పడుకున్నాయి, విద్యార్థులు ఊళ్లకు వెళ్లిపోయారు. నెట్ సెంటర్‌కు అద్దె కట్టాలి, ఆదాయం లేదు. చేతిలో రెండు కంప్యూటర్లు, ఇంటర్నెట్, బోలెడంత ఖాళీ సమయం. అదే మార్చి 23న మార్కెట్ మొదలైన కాసేపటికే సూచీలు పది శాతం పడి, ట్రేడింగ్‌ను 45 నిమిషాలు ఆపేశారు. మళ్లీ తెరిచాక ఇంకా పడింది. టీవీలో అది చూస్తూ నేను అనుకున్న మాట ఇప్పటికీ గుర్తుంది: "ఇంత పడిందంటే ఇక లేవడమే కదా." ఆ మాట నిజమైంది. అదే నా దురదృష్టం.

జూన్‌లో షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతా తెరిచి లక్షన్నర వేశాను. మొదటి ఏడాది ఏది కొన్నా పెరిగింది. మార్చి వచ్చేసరికి ఇరవై మూడు వేలు లాభం. నేను తెలివైనవాడిని అని నమ్మడానికి మనిషికి ఇంతకన్నా ఎక్కువ ఆధారం అక్కర్లేదు. రెండో ఏడాది, అంటే 2021-22లో, కౌంటర్ కింద ఫోను పెట్టుకుని రోజంతా ట్రేడింగ్. హాల్ టికెట్ ప్రింటు తీస్తూ ఒక కన్ను అటు, ఒక కన్ను ఇటు. ఒకసారి ఒక అమ్మాయి దరఖాస్తులో పుట్టిన సంవత్సరం తప్పు కొట్టాను. ఆ అమ్మాయి చూసింది కాబట్టి సరిపోయింది.

ఆ ఏడాది నవంబరులో తగిలిన దెబ్బ ఒకటి చెప్పాలి. ఒక చిన్న కంపెనీ షేరు ముందు రోజు 85 దగ్గర ముగిసింది. ఉదయమే 94కు ఎగిరింది. ఇంత పెరిగింది, ఇక దిగుతుంది అని నా దగ్గర లేని 300 షేర్లు అమ్మేశాను. మధ్యాహ్నంలోగా తక్కువ ధరకు కొని లెక్క సరిచేయాలన్నది ఎత్తు. పదకొండున్నరకల్లా అది 102కు చేరి అప్పర్ సర్క్యూట్‌లో బిగుసుకుపోయింది. ఆ రోజుకు ఆ షేరు ఇరవై శాతం మించి పెరగకూడదు, 102 దగ్గర కొంటామనే వాళ్లే తప్ప అమ్మేవాడు ఒక్కడూ లేడు. నేను అమ్మిన సరుకు నా దగ్గర లేదు, కొందామంటే ఎక్కడా దొరకదు. రెండు రోజుల తర్వాత ఎక్స్ఛేంజి నా తరఫున వేలంలో 109కి కొని, అవతలి వాళ్లకు ఇచ్చి, తేడా నా ఖాతాలో కోసింది. షేరుకు పదిహేను రూపాయల చొప్పున నాలుగున్నర వేలు. ఆ రోజు నుంచి రోజువారీ స్థిర హద్దులు లేని షేర్లలోనే, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్ (ముందు తేదీకి కుదుర్చుకునే బేరాలు) ఉన్న పెద్ద కంపెనీల షేర్లలోనే చేయి పెడుతున్నాను.

2022 మే నెలలో ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన బ్రోకర్ ఇచ్చిన కాగితాలు తిరగేసి, కళ్లద్దాలు తీసి, "ఏడాదిలో 318 లావాదేవీలు. మీకు షాపు ఉందన్నారు కదా, అది ఎప్పుడు తెరుస్తారు?" అని అడిగారు. నష్టం 58,400. అందులో బ్రోకరేజి, పన్నులు, ఇతర రుసుములే ఇరవై ఒక్క వేలు. డే ట్రేడింగ్‌లో వచ్చేదాన్ని ఆదాయపు పన్ను చట్టం స్పెక్యులేషన్ వ్యాపారంగా చూస్తుంది కాబట్టి ఐటీఆర్-3 అనే రిటర్ను ఫారం వేయాలన్నారు. గడువులోగా రిటర్ను వేస్తే ఈ నష్టాన్ని నాలుగేళ్ల పాటు ముందుకు మోసుకుపోవచ్చు, కానీ అలాంటి స్పెక్యులేషన్ లాభంలో నుంచే తీసివేయాలి, జిరాక్సు లాభంలో నుంచి కాదు. "అంటే ఈ నష్టం పనికి రావాలంటే మళ్లీ ఇదే ఆట ఆడి గెలవాలి" అన్నాను. ఆయన నవ్వలేదు. తన ఫీజు నాలుగు వేలు అన్నారు.

ఇంటికి వచ్చి ఆ 318 లావాదేవీలను ఎక్సెల్‌లో వేశాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే. ఊళ్లో సగం మంది పీజీ విద్యార్థుల పట్టికలు నేనే చేస్తాను. కంపెనీ పేరుతో వరుస పెట్టాను, వారంతో పెట్టాను, ఏమీ తేలలేదు. చివరికి ఒక్కో లావాదేవీ వేసిన సమయంతో పెట్టాను. అప్పుడు తేలింది.

9:15కు మార్కెట్ మొదలయ్యాక మొదటి పావుగంటలో వేసినవి 74. వాటిలో పోయింది 27,600. తొమ్మిదిన్నర నుంచి పదిముప్పావు దాకా వేసినవి 88. ఖర్చులన్నీ పోను 4,100 మిగిలాయి. అక్కడి నుంచి రెండు గంటల దాకా 103, నష్టం 12,700. రెండు దాటాక వేసినవి 53 మాత్రమే, నష్టం 22,200. ఈ చివరివి చూడగానే నాకే సిగ్గేసింది. ఉదయం పోయినది సాయంత్రంలోగా రాబట్టాలని రెట్టింపు షేర్లతో దిగినవి అవన్నీ. మూడుంబావు దాటాక బ్రోకరే తనంతట తాను అమ్మేసినవి కూడా ఉన్నాయి. మార్కెట్ మూడున్నర దాకా ఉంటుంది కానీ, ఆ రోజే తేల్చాల్సిన లావాదేవీలను బ్రోకర్లు కాస్త ముందే తెంపేస్తారు.

ఎస్వీ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చదివిన మా బావమరిదికి ఆ పట్టిక గొప్పగా చూపించాను. వాడు కాసేపు చూసి, "బావా, ఎనభై ఎనిమిది లావాదేవీలతో నాలుగు వేలు వచ్చాయంటే అది కాకతాళీయం కూడా కావచ్చు. నువ్వు గెలుస్తావని ఇందులో రుజువు లేదు. మిగతా రెండు వందల ముప్పైలో నువ్వు ఓడిపోతున్నావని మాత్రం గట్టిగానే ఉంది" అన్నాడు. అప్పుడు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, నాకు కావలసింది ఆ రెండో వాక్యమే.

మొదటి పావుగంటలో అంత ఎందుకు పోయింది? దీనికి సమాధానం నాకు మా నాయన చెప్పాడు. ఆయనకు షేర్లంటే ఏమిటో తెలియదు. మదనపల్లె టమోటా మార్కెట్లో ఒక మండీలో పాతికేళ్లు గుమాస్తాగా చేశాడు; మదనపల్లె అప్పటికి చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఒక ఆదివారం సాయంత్రం మేడ మీద కూర్చుని నా బాధ చెప్పుకుంటే, ఆయన బీడీ ఆర్పి, "మొదటి పాట ధర ధరే కాదురా" అన్నాడు. "రాత్రే లారీ మాట్లాడుకుని వచ్చినవాడు సరుకు లేకుండా తిరిగి పోలేడు. వాడు ఎంతైనా పాడతాడు. వాణ్ణి చూసి పక్కవాడు పాడతాడు. ఆ లారీ నిండేదాకా ఆగాలి. ఆ తర్వాత పలికేదే ఆ రోజు ధర. పొద్దెక్కాక మిగిలిన పెట్టెలు ఎటూ తేలవు, వాటి జోలికి పోకూడదు."

నేను రోజూ చూస్తున్నది అదే. ఎన్ఎస్ఈలో, అంటే నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో, తొమ్మిదికి ప్రీ-ఓపెన్ అని ఒకటి మొదలవుతుంది. తొమ్మిది నుంచి ఎనిమిది నిమిషాల పాటు అందరూ ఆర్డర్లు వేస్తారు, మార్చుకుంటారు, రద్దు చేసుకుంటారు. చివరి నిమిషంలో ఏ క్షణాన ఆపుతారో ఎవరికీ తెలియకుండా ఆపుతారు, లేకపోతే ఆఖరి సెకనులో ఆటలాడతారని. ఆ తర్వాత, ఏ ధర దగ్గరైతే అత్యధిక సంఖ్యలో షేర్లు చేతులు మారతాయో ఆ ఒక్క ధరను లెక్కగట్టి, అదే ఆ రోజు ప్రారంభ ధర అంటారు. 9:15కు తలుపులు తెరుచుకుంటాయి. రాత్రంతా అమెరికా వార్తలు చూసినవాళ్లు, ముందు రోజు ఇరుక్కుపోయినవాళ్లు, ఎంతైనా ఫరవాలేదు వదిలించుకోవాలి అనుకునేవాళ్లు, అందరూ ఒకేసారి లోపలికి తోసుకొస్తారు. వాళ్లు నాయన చెప్పిన లారీవాళ్లు. వాళ్లు పాడే ధర చూసి ఇన్నాళ్లూ వాళ్ల వెనకే పాడిన పక్కవాణ్ణి నేను.

అందుకని 2022 జూన్ నుంచి నా పద్ధతి మార్చాను. 9:15 నుంచి 9:30 దాకా చేతులు కట్టుకుని చూడటమే. ముందు రాత్రి ఎంచుకున్న నాలుగైదు షేర్లలో ఒక్కోదానికి ఆ పావుగంటలో తాకిన గరిష్ఠ ధర, కనిష్ఠ ధర నోటు పుస్తకంలో రాస్తాను. ఆ తర్వాత అయిదు నిమిషాల క్యాండిల్ (ఆ అయిదు నిమిషాల ధర కదలికను చూపే చార్టు గీత) ఒకటి ఆ గరిష్ఠానికి పైన ముగిసి, దానితో పాటు వాల్యూమ్, అంటే చేతులు మారే షేర్ల సంఖ్య, పెరిగి, ధర వీవాప్‌కు పైనే ఉంటే కొంటాను. వీవాప్ అంటే ఆ రోజు అప్పటి దాకా చేతులు మారిన మొత్తం డబ్బును చేతులు మారిన షేర్లతో భాగిస్తే వచ్చే సగటు. నాయనకు చెబితే "సరాసరి అని చెప్పొచ్చు కదా" అన్నాడు. కనిష్ఠానికి కింద ముగిస్తే ఇదంతా తలకిందులుగా, ముందు అమ్మడం. రోజుకు రెండుకు మించి వేయను. 9:30కు ముందు లేదు, 10:45 తర్వాత ఉంచుకోవడం లేదు. లాభంలో ఉన్నా నష్టంలో ఉన్నా పదిముప్పావుకు ఖాళీ.

ఎన్ని షేర్లు కొనాలన్నది ఇంకా ముఖ్యం. దీన్ని నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. ఒక లావాదేవీలో పోగొట్టుకోగలిగింది అయిదు వందలు అని ముందే పెట్టుకుంటాను. ఉదాహరణకు ఒక షేరు మొదటి పావుగంటలో 612, 618 మధ్య తిరిగిందనుకుందాం. 618.60కి కొంటే, 614.60కి దిగితే నా అంచనా తప్పని ఒప్పుకుంటాను. తేడా నాలుగు రూపాయలు. అయిదు వందలను నాలుగుతో భాగిస్తే 125 షేర్లు. విలువ 77,325. డే ట్రేడింగ్‌లో పెద్ద షేర్లకు విలువలో అయిదో వంతు మార్జిన్‌గా, అంటే హామీ సొమ్ముగా, ఉంటే చాలు కాబట్టి నా ఖాతాలో పదిహేనున్నర వేలు బిగించుకుంటారు. కొన్న వెంటనే, ధర అక్కడికి దిగితే దానంతట అదే అమ్మేసేలా 614.60కి స్టాప్‌లాస్ ఆర్డర్ వేస్తాను. ఎనిమిది రూపాయలు పెరిగితే ఫోను మోగుతుంది, అప్పుడు అమ్ముతాను.

ఖర్చులు కూడా చెప్పాలి, ఎందుకంటే అవి కనిపించకుండా తింటాయి. నా బ్రోకర్ ఒక్కో ఆర్డరుకు ఇరవై రూపాయలు తీసుకుంటాడు, రెండు వైపులా నలభై. అమ్మిన విలువపై 0.025 శాతం సెక్యూరిటీల లావాదేవీల పన్ను, దాదాపు ఇరవై రూపాయలు. కొన్నదానిపై స్టాంపు సుంకం, ఎక్స్ఛేంజి రుసుము, బ్రోకరేజి మీదా ఆ రుసుము మీదా జీఎస్టీ. అన్నీ కలిపి పై లెక్కలో డెబ్బయి అయిదు రూపాయలు. అంటే షేరుకు అరవై పైసలు. షేరు అరవై పైసలు పెరిగితే నేను ఇంకా సున్నా దగ్గరే ఉన్నాను. పది పైసలకూ ఇరవై పైసలకూ ఎగిరి దూకిన ఆ 2021-22 రోజుల్లో నేను పనిచేసింది బ్రోకర్ కోసం, ప్రభుత్వం కోసం.

కాగితం మీద ఇది చక్కగానే ఉంది. పావుగంట చేతులు కట్టుకోవడం ఎంత కష్టమో మొదటి నెల తెలిసింది. 9:17కు ఒక షేరు మూడు శాతం ఎగురుతుంటే వేలు దానంతట అదే మౌస్ మీదికి వెళ్తుంది. అందుకని ఆ పావుగంటలో కంప్యూటర్ ముందు నుంచి లేచి ప్రింటర్లలో కాగితం నింపడం, కౌంటర్ తుడవడం మొదలుపెట్టాను. మా షాపు ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదని మా ఆవిడ అంది.

తొమ్మిదిన్నర తర్వాత కూడా గోతులున్నాయి. రిజర్వ్ బ్యాంక్ రెండు నెలలకోసారి వడ్డీ రేట్ల నిర్ణయం ప్రకటిస్తుంది. ఈ మధ్య ఏళ్లలో ఆ ప్రకటన సరిగ్గా ఉదయం పది గంటలకు. అంటే నా గంటంబావు నడి మధ్యలో. ఒక రోజు ఆ సంగతే మరిచి 9:50కి ఒక బ్యాంకు షేరు కొన్నాను. పది గంటలకు గవర్నర్ మాట్లాడటం మొదలుపెట్టారు. షేరు కిందికి జారి నా స్టాప్‌లాస్‌ను తాకి, నన్ను బయటికి గెంటి, మూడు నిమిషాల్లో మళ్లీ నేను కొన్న ధర కన్నా పైకి వెళ్లి కూర్చుంది. పైగా స్టాప్ ఒక ధరకు పెట్టినంత మాత్రాన ఆ ధరకే అమ్ముడవుతుందని లేదు; ఆ హడావుడిలో ఇంకో రూపాయి కిందికి పోయింది. ఇప్పుడు క్యాలెండరులో ఆ తేదీలను ఎర్ర సిరాతో చుట్టి ఉంచుతాను. గోడ మీద ఏకాదశుల పక్కనే రిజర్వ్ బ్యాంక్ తేదీలు.

2024 జూన్ 4 గురించి కూడా. ఆ రోజు లోక్‌సభతో పాటు మన అసెంబ్లీ ఓట్ల లెక్కింపు. ముందు రోజు మార్కెట్ మూడు శాతానికి పైగా ఎగిరింది. టీ కొట్టులో టీవీ చుట్టూ యాభై మంది, ఎవరి లెక్కలు వాళ్లవి, సీట్ల లెక్క తప్ప ఇంకో మాట లేదు. నేను మాత్రం మార్కెట్ తెర ముందున్నాను. మొదటి పావుగంట అయ్యాక గరిష్ఠం, కనిష్ఠం రాసుకుని ఎప్పటిలాగే భాగహారం చేశాను. మధ్య దూరం ఎంత ఉందంటే, అయిదు వందల నష్టానికి లోబడాలంటే పదకొండు షేర్లు కొనాలి. పదకొండు షేర్లకు ఖర్చులు పోను ఏం మిగులుతుంది? పుస్తకం మూసి టీ కొట్టుకు వెళ్లాను. ఆ రోజు ఎన్ఎస్ఈ ప్రధాన సూచీ నిఫ్టీ దాదాపు ఆరు శాతం పడి 21,884 దగ్గర ముగిసింది. నేను ముందే పసిగట్టానని కాదు. నాకు ఏమీ తెలియలేదు. భాగహారం వద్దంది, అంతే.

ఇంతకీ ఈ గంటంబావులో నన్ను కాపాడింది ఏది అంటే, నా పద్ధతి కన్నా ఎక్కువగా కొండపై దర్శనం టికెట్లు. నవ్వకండి. నెలలో కొన్ని రోజులు ఉదయం పది గంటలకు టీటీడీ ఆన్‌లైన్ టికెట్లు విడుదలవుతాయి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు విడుదలయ్యే రోజు మా లాంటి చోట తొమ్మిదిన్నరకే జనం. షట్టర్ పూర్తిగా ఎత్తక తప్పదు. ఆధార్ కార్డుల కట్టతో పెద్దాయన, కూతురు పెళ్లయ్యాక కుటుంబమంతా కలిసి వెళ్లాలనుకుంటున్న తల్లి, ఫోనులో కొట్టడం చేతకాని మాస్టారు. పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు ముందే ఒక కాగితం మీద సిద్ధం చేసుకుని, పది కొట్టగానే వరుసలోకి దూరాలి. కాస్త ఆలస్యమైతే కావలసిన తేదీ ఎర్రబడిపోతుంది. నిజం చెప్పాలంటే అది 9:15 కన్నా ఉద్రిక్తంగా ఉంటుంది. షేరు పోతే నా అయిదు వందలు పోతాయి. టికెట్టు పోతే ఆ పెద్దాయన మొహం చూడాలి.

అలాంటి రోజుల్లో తొమ్మిదిన్నరకు, పదికి మధ్య ఒక లావాదేవీ దొరికితే వేసి, స్టాప్‌లాస్ పెట్టి, టికెట్లలో పడిపోయేవాడిని. 10:40 దాకా తెర వైపు తల తిప్పే వీలుండదు. 2023-24లో ఆ రోజులకు నోటు పుస్తకంలో పక్కన 'ద' అని గుర్తు పెట్టుకున్నాను, ఊరికే. ఏడాది చివర కూడితే, ఆ ఏడాది నా మొత్తం లాభం 6,800 అయితే అందులో 3,900 'ద' రోజులదే. అలాంటి లావాదేవీలు ముప్పై ఒకటి మాత్రమే.

పుస్తకంలో ఒక్కో లావాదేవీకి కొన్న సమయం, ధర, సంఖ్య, స్టాప్, బయటికి వచ్చిన సమయం, ధర, చివర 'కారణం' అని ఒక గడి ఉంటుంది. మామూలు రోజుల్లో ఆ గడి చదివాను. "రెండు రూపాయలు వచ్చింది, చాలు అనిపించింది." "ఎర్ర క్యాండిల్ చూసి భయపడ్డాను." "స్టాప్ కాస్త కిందికి జరిపాను, తిరిగొస్తుందనిపించింది." 'ద' రోజుల్లో మూడే మూడు కారణాలు: స్టాప్ తగిలింది, ఫోను మోగింది, 10:45 అయింది. షేర్లు అవే, మార్కెట్ అదే. నా చేతులు ఆధార్ నంబర్లు కొట్టడంలో ఉన్నందువల్ల చిన్న లాభాన్ని ముందే కోసేయలేకపోయాను, పెద్ద నష్టాన్ని సాగదీయలేకపోయాను. బావమరిది దీన్ని చూసి ఏమంటాడో తెలుసు కాబట్టి వాడికి చూపించలేదు.

ఆ సంగతి తెలిశాక టికెట్లు లేని రోజు కూడా కొన్న వెంటనే తెర కిందికి నొక్కేసి ఏదో ఒక పని పెట్టుకుంటున్నాను. రెజ్యూమె టైపు చేయడం, లామినేషన్ మిషను శుభ్రం చేయడం. అన్ని రోజులూ కుదరదు. వారానికి ఒకసారైనా తెర పైకి లాగి చూస్తాను. చూసిన రోజు పుస్తకంలో నిజాయితీగా "చూశాను" అని రాస్తాను.

పదిముప్పావే ఎందుకు, పదకొండో పన్నెండో ఎందుకు కాదు? సగం జవాబు పట్టికది, సగం షాపుది. పదకొండయ్యేసరికి యూనివర్సిటీ పిల్లలు వస్తారు. మార్కెట్లోనూ అప్పటికి ఉదయపు ఊపు సన్నగిల్లుతుంది; లావాదేవీలు మొదట్లో, చివర్లో దట్టంగా, మధ్యాహ్నం పలచగా ఉండటం ఏ రోజు చూసినా కనిపిస్తుంది. యూరప్ మార్కెట్లు తెరుచుకునే దాకా ధర ఒక చిన్న గదిలో పచార్లు చేస్తుంటుంది. ఆ సమయంలో గరిష్ఠాన్ని దాటిందని కొంటే, మరు నిమిషం వెనక్కి లాగి నిలబెడుతుంది. నాయన చెప్పిన ఎటూ తేలని పెట్టెలు ఇవే.

2024 జూలైలో షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఒక అధ్యయనం బయటపెట్టింది. 2022-23లో షేర్లలో డే ట్రేడింగ్ చేసిన వ్యక్తుల్లో ప్రతి పదిమందిలో ఏడుగురు నష్టపోయారట. ముప్పై ఏళ్ల లోపువాళ్లలో నష్టపోయినవాళ్లు 76 శాతం. నష్టపోయినవాళ్లకు ఆ నష్టంపై మరో 57 శాతం ఖర్చుల రూపంలో అదనంగా పోయిందట. పేపరులో అది చదివి నా పుస్తకం తీసి చూశాను. 2022-23, అంటే గంటంబావు మొదలుపెట్టిన మొదటి ఏడాది, 9,300 నష్టం. ఆ ఏడుగురిలో ఒకణ్ణి నేనే. కనిపించని మనుషుల లెక్కలో మనల్ని మనం చూసుకోవడం వింతగా ఉంటుంది. 2023-24లో పైన చెప్పిన 6,800. 2024-25లో 14,200. నెలకు పన్నెండు వందలు కూడా కాదు. కలర్ ప్రింటర్ అంతకన్నా ఎక్కువ తెస్తుంది. అప్పటికి 2021-22 నష్టంలో ఇంకా 37,400 అలాగే మిగిలింది; దాన్ని వాడుకునే గడువు 2025-26తో తీరిపోతుందని ఆడిటర్ గారు గుర్తు చేశారు. గుర్తు చేసినందుకూ ఫీజు ఉంది.

మరి ఎందుకు చేస్తున్నావు అని మా ఆవిడ అడుగుతుంది. దానికి నా దగ్గర ఉన్న జవాబు ఆమెకు నచ్చదు: పేకాట కన్నా మేలు, లెక్క రాసుకోవచ్చు. అప్పు తెచ్చి వేయను, లక్షన్నరకు మించి ఖాతాలో ఉంచను, ఆప్షన్స్ వైపు చూడను. ఈ మూడూ ఆమె పెట్టిన షరతులు. నా పద్ధతిలో నాకన్నా తెలివిగా పెట్టినవి అవే.

శుక్రవారం సంగతి ఒకటి మిగిలింది. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. నాకు పట్టింపు లేదు. వారం పేరుతో వరుస పెట్టి చూశాను కూడా, శుక్రవారాలకూ మిగతా రోజులకూ తేడా ఏమీ లేదు. కానీ నాయన ఆ రోజు రుయా ఆసుపత్రిలో బీపీ చూపించుకుని షాపుకు వస్తాడు. ప్లాస్టిక్ కుర్చీ నా పక్కకు లాక్కుని కూర్చుంటాడు. తెర మీద ఏముందో ఆయనకు తెలియదు, గోడ గడియారం తెలుసు.

మొన్నటి శుక్రవారం 9:55కు కొన్నది మూడు రూపాయలు పైన ఉంది. తెర కిందికి నొక్కి ఒక ప్రాజెక్టు రిపోర్టు అట్ట డిజైన్ చేస్తున్నాను. పది ఇరవై అయిదుకు నాయన గొంతు సవరించుకున్నాడు. నేను పలకలేదు. పది ఇరవై ఏడుకు, "పదిన్నర అవుతోందిరా" అన్నాడు. ఇంకో పావుగంట ఆగితే రెండు రెట్లు వస్తుందేమో చెప్పలేం, ఆగమన్నాను. ఆయన ఏమీ అనలేదు. చేతికర్ర నేల మీద మెల్లగా తట్టాడు, ఒకసారి, రెండుసార్లు. 10:29కి అమ్మేశాను. తర్వాత తెర తెరిచి చూస్తే ఇంకో ఆరు రూపాయలు పెరిగింది. నాయన టీ తాగుతూ, "లారీ వెళ్లిపోయిందా?" అని అడిగాడు. వెళ్లిపోయిందన్నాను. పుస్తకం తీసి సమయం, ధర రాసి, 'కారణం' గడిలో "నాయన" అని రాసి, షట్టర్ పూర్తిగా పైకెత్తాను.